"చక్కని రాజమార్గములు", "సెయింట్ లూయిస్ బ్లూస్": ఈ రెంటినీ పోల్చడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సంగీతం కోర్సులో "వేర్వేరు కాలాలకు, శైలులకు చెందిన రెండు రచనలను పోల్చండి" అని వ్యాసం ఇచ్చారు. మీరు త్యాగరాజస్వామి ఖరహరప్రియ రాగ కృతి "చక్కని రాజమార్గములు" ఒకటి, బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాట శైలి) గాయని బెస్సీ స్మిత్ 1925లో పాడిన "సెయింట్ లూయిస్ బ్లూస్" రికార్డు ఒకటి తీసుకున్నారు. పట్టిక గీసి కాలం, భాష, వాద్యాలు, భావం అని గళ్ళు నింపారు. నింపాక రెండూ పూర్తిగా వేరు అన్నది తప్ప ఇంకేమీ తేలలేదు. ఇప్పుడు ఏం రాయాలి, చివర్లో ఏది గొప్పదో చెప్పాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఏది గొప్పదో తేల్చకండి, అన్ని విషయాల్లోనూ పోల్చకండి. రెండు రచనలూ తమ తమ పద్ధతిలో జవాబు చెప్పగలిగే ఒకటి రెండు ప్రశ్నలు పట్టుకుని, వాటినే రెంటినీ అడగండి. ఈ జంటకు నేనైతే రెండు ప్రశ్నలు తీసుకుంటాను. పాడిన మాటనే మళ్ళీ పాడినప్పుడు ఏం మారుతోంది? గాంధారం (సరిగమల్లో గ) ఎక్కడ నిలుస్తోంది? వ్యాసంలో ముప్పావు వంతు ఈ రెంటికే ఇవ్వండి. మిగతాదంతా ఒక పేరాలో సరిపోతుంది.

ఇరవై ఆరేళ్ళుగా గాత్రం నేర్పుతున్నాను. అందులో సగం కాలం నుంచి, పాడటం రానివాళ్ళ కోసం వినికిడి తరగతులు కూడా నడుపుతున్నాను. మొదట్లో నేనూ మీలాగే పట్టికతోనే చెప్పేదాన్ని. ఒకసారి దాదాపు మీ జంటనే తీసుకుని, ఇక్కడ రాగం అక్కడ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఇక్కడ భక్తి అక్కడ విరహం అని వరసగా చెప్పుకుపోయాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "అమ్మా, మీరు చెప్పిన తేడాలన్నీ సరే. కానీ నాకు రెండు పాటల్లోనూ మొదటి మాట రెండోసారి వచ్చినప్పుడే గొంతు పట్టేసినట్టయింది. అదెందుకు?" అని అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మీకు చెబుతున్నది ఆ ప్రశ్నకు తర్వాత నేను వెతుక్కున్న జవాబే.

ముందు పల్లవి చూద్దాం. "చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల ఓ మనసా." ఉన్నది ఒక్క వాక్యమే. ఆది తాళంలో నెమ్మదిగా సాగుతుంది. ఈ వాక్యాన్ని గాయకులు ఎన్నోసార్లు పాడతారు. మాట మారదు, తాళం మారదు. మారేది స్వరాల అల్లిక. మొదటిసారి వాక్యం సూటిగా వస్తుంది. తర్వాత ఒక చోట చిన్న మలుపు చేరుతుంది. ఆ మలుపును ఉంచుకునే ఇంకొకటి చేరుతుంది. అలా ఒకదాని మీద ఒకటి పెరిగేవే సంగతులు. కృతిలో సంగతులకు ఇంత చోటు, ఇంత క్రమం తెచ్చిన ఘనత త్యాగరాజస్వామిదే అని సంగీతలోకం చెప్పుకుంటుంది. ఆ పనితనం బాగా తెలిసే కృతుల్లో ఇదొకటి.

ఇందులో చెవి చేసే పని గమనించండి. మొదటిసారి విన్నప్పుడు మన ధ్యాస మాట మీద ఉంటుంది. రెండోసారికి మాట తెలిసిపోయింది కాబట్టి ధ్యాసంతా మారిన చోటు మీదికి వెళుతుంది. అయిదో సంగతి నేరుగా వినిపిస్తే అది స్వరాల గుంపులా ఉంటుంది. నాలుగు విని వస్తే, అదే సంగతిలో మొదటి సూటి వాక్యం ఇంకా లోపల వినిపిస్తూనే ఉంటుంది. విద్యార్థులతో దీన్ని చాలాసార్లు చేసి చూశాను. చివరి సంగతి నుంచి మొదలుపెట్టి వెనక్కి పాడిస్తే పల్లవి ప్రాణం పోతుంది. స్వరాలు అవే, వరస తప్పింది, అంతే.

ఇప్పుడు రెండో పాట. "సెయింట్ లూయిస్ బ్లూస్"ను, దాన్ని రాసిన డబ్ల్యూ. సీ. హ్యాండీయే 1914లో అచ్చువేశారు. పాట మొదటి భాగం పన్నెండు బార్ల బ్లూస్. బార్ అంటే పాశ్చాత్య తాళంలో ఒక చిన్న కొలత. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. ఇందులో మాటల పద్ధతి స్థిరం: ఒక పంక్తి, మళ్ళీ అదే పంక్తి, ఆ తర్వాత దాన్ని ముగించే మూడో పంక్తి. సాయంత్రం సూర్యుడు దిగిపోతుంటే చూడలేను అని ఒక స్త్రీ అంటుంది. మళ్ళీ అదే అంటుంది. మూడో పంక్తిలో కారణం చెబుతుంది.

ఇక్కడ రెండోసారి పాడినప్పుడు గొంతు పెద్దగా మారదు. మారేది కింద ఉన్న నేల. మొదటి పంక్తి షడ్జమం (స) మీద కట్టిన కార్డుతో మొదలవుతుంది. అయిదో బార్‌లో, అంటే మాట మళ్ళీ ఎత్తుకునే చోట, వాద్యం మధ్యమం (మ) మీద కట్టిన కార్డుకు మారుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, ఇంతసేపూ ఆధారంగా నిలబడిన సా, ఆ క్షణంలో మధ్యమానికి పంచమంగా వినిపించడం మొదలవుతుంది. అదే స్వరం, అదే గొంతు, కానీ బరువు వేరు. తొమ్మిదో బార్‌లో, మూడో పంక్తి దగ్గర, కార్డు పంచమం మీదికి వెళ్ళి, తర్వాత మళ్ళీ ఇంటికి చేరుతుంది.

అంటే రెండు రచనల్లోనూ మాట తిరిగి వస్తుంది. కృతిలో ఆధారం కదలదు, తంబుర సా పా అలాగే మోగుతూ ఉంటుంది, పాడే వాక్యం పెరుగుతుంది. బ్లూస్‌లో పాడే వాక్యం దాదాపు అలాగే ఉంటుంది, ఆధారం కదులుతుంది. ఆ పెద్దాయన గొంతు పట్టేసింది ఇందుకే అని నా నమ్మకం. రెండు చోట్లా మనకు తెలిసిపోయింది అనుకున్న మాట, రెండోసారి వచ్చేసరికి తెలియనిదిగా మారింది. మీ వ్యాసానికి ఈ ఒక్క పోలికే వెన్నెముక కాగలదు.

దీనికి చేర్చవలసింది ఇంకొకటి ఉంది: ఎవరితో అంటున్నారు? త్యాగరాజస్వామి మనసుతో అంటున్నారు. ఎదుట ఉన్నది ఒక్కసారి చెబితే వినే మనసు కాదు, అందుకే ప్రతిసారీ ఇంకొంచెం నచ్చజెప్పాలి. సంగతులు పెరగడానికీ, ఆ సంబోధనకూ సంబంధం ఉందనిపిస్తుంది నాకు. బ్లూస్‌లో ఆ స్త్రీ మాటలు వినేవాళ్ళు ఎవరూ కనబడరు. తనకు తానే మళ్ళీ చెప్పుకుంటోంది, అందుకే మాటను అలంకరించే అవసరం రాలేదు. ఇది నా వ్యాఖ్యానమే, దీనికి ఆధారపత్రం లేదు. వాడుకుంటే మీ మాటగా, "అనిపిస్తుంది" అని రాయండి.

ఇక గాంధారం. చాలామంది ఇక్కడే తొందరపడి తప్పు రాస్తారు. ఖరహరప్రియ 22వ మేళం (మూల రాగాల పట్టికలో 22వది): చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరాల వరసలో (మోడ్) ఉన్నవీ ఈ స్వరస్థానాలే. బ్లూస్‌లో కూడా గాంధార నిషాదాలు తగ్గించి పాడతారు. దాంతో "బ్లూస్ అంటే ఖరహరప్రియే" అని రాసేస్తారు. అలా రాయకండి. మెట్లు ఒకటే కావడం వేరు, నడక ఒకటే కావడం వేరు.

కృతిలో గాంధారం ఎలా పలుకుతుందో వినండి. అది మెట్టు మీద స్థిరంగా నిలబడదు, ఊగుతుంది. కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు చూస్తూ కంపితంగా పలుకుతుంది. నిషాదానిదీ అదే తీరు. ఆ ఊపు తీసేసి కీబోర్డు మీద సాధారణ గాంధారం కీ నొక్కి పల్లవి వాయించి చూడండి. స్వరాలు ఒక్కటీ తప్పవు, ఖరహరప్రియ మాత్రం రాదు. ఆ ఊగే గాంధారానికి ఎదురు చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు. తంబుర సా, పా మాత్రమే చెబుతుంది. గాంధారం ఎక్కడుండాలో నిర్ణయించేది రాగంలోని ప్రయోగాలు, దాని ఇరుగుపొరుగు స్వరాలు.

బెస్సీ స్మిత్ గాంధారం కూడా ఒక చోట నిలవదు. సాధారణ గాంధారానికీ, దానికంటే ఒక మెట్టు పైనున్న అంతర గాంధారానికీ మధ్య జారుతుంది. కానీ కింద వాద్యం మేజర్ కార్డు పట్టుకుని ఉంది, అంటే అంతర గాంధారాన్ని గట్టిగా చెబుతోంది. గొంతు దానికంటే కిందికి వంగుతోంది. ఆ రాపిడే బ్లూస్. పాట మేజర్‌లో నడుస్తున్నా గాంధార నిషాదాలను తగ్గించి వాడానని హ్యాండీ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నారు. అచ్చు కాగితం మీద ఏదో ఒక మెట్టు రాయక తప్పదు. గాయనికి ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నతో దీన్ని కలపండి. రెండో పంక్తిలో కార్డు మధ్యమం మీదికి మారుతుందని చెప్పాను కదా. బ్లూస్‌లో ఆ కార్డుకు సాధారణంగా, మధ్యమం నుంచి లెక్కిస్తే వచ్చే ఏడో స్వరం కూడా చేరుస్తారు. అప్పుడు అందులోని స్వరాలు మ, ధ, స, ఆపైన గ. ఆ గ అంతర గాంధారం కాదు, సాధారణ గాంధారం! అంటే మొదటి పంక్తిలో వాద్యంతో రాపిడి పడిన స్వరమే, రెండో పంక్తిలో వాద్యంతో కలిసిపోతుంది. అదే మాట రెండోసారి ఎందుకు లోతుగా తగులుతుందో దీనితో కొంత తెలుస్తుంది. నాకు ఇది మొదటిసారి తట్టిన రోజు రికార్డును ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో లెక్కలేదు.

బెస్సీ రికార్డులో వాద్యాలు రెండే. ఫ్రెడ్ లాంగ్‌షా హార్మోనియం, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం). మృదంగం లాంటిది ఏదీ లేదు. హార్మోనియం ఉండటం మీ పోలికకు చాలా ఉపయోగం. మెట్టుకు మెట్టు విడగొట్టిన వాద్యం కాబట్టి అది జారలేదు. గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకదన్నది దాని మీద మనవైపు పాత ఫిర్యాదు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టింది, 1971 దాకా ఆ నిషేధం కొనసాగింది. ఈ రికార్డులో మాత్రం ఆ కదలనితనమే పనికొచ్చింది. హార్మోనియం గాంధారం కదలదు కాబట్టే బెస్సీ గాంధారం ఎంత వంగిందో మనకు తెలుస్తోంది. మన దగ్గర లోపమైన గుణం అక్కడ కొలబద్ద అయింది.

మైనర్ (సాధారణ గాంధారం వాడేది) అంటే విషాదం, మేజర్ (అంతర గాంధారం వాడేది) అంటే సంతోషం అన్న సూత్రాన్ని ఈ వ్యాసంలోకి రానివ్వకండి. మీ జంటే దాన్ని కాదంటోంది. కృతి గాంధారం చిన్నది, అయినా అందులో దుఃఖం లేదు, దారి స్పష్టంగా కనబడుతున్న మనిషి నిబ్బరం ఉంది. బ్లూస్ మేజర్ కార్డుతో మొదలవుతుంది, కానీ అది దుఃఖపు పాట. మీ పట్టికలో "భావం" గడిలో మీరు రాసినవి మాటల అర్థం నుంచి తెచ్చుకున్నవి. స్వరాల నుంచి ఏం వినిపించిందో విడిగా రాసుకోండి.

బ్లూస్ మధ్యభాగం గురించి కూడా ఒక మాట. రెండు పన్నెండు బార్ల చరణాల తర్వాత పదహారు బార్ల భాగం ఒకటి వస్తుంది. హ్యాండీ దీన్ని టాంగో నడకలో, మైనర్‌లో రాశారు. వజ్రాల ఉంగరాల సెయింట్ లూయిస్ స్త్రీ తన మనిషిని లాక్కుపోయిందని చెప్పే చోటు ఇదే. సా మారలేదు, గాంధారం మారింది. ఇంతవరకూ గొంతు ఒంటరిగా ఏ గాంధారం వైపు వంగుతూ వచ్చిందో, ఇప్పుడు వాద్యం కూడా దాని దగ్గరికి దిగింది. రాపిడి ఆగింది. చివరి భాగంలో మేజర్ తిరిగి వచ్చేసరికి రాపిడీ తిరిగి వస్తుంది. మన పద్ధతిలో ఒకే సా మీద గాంధారం అలా శాశ్వతంగా మారితే అది వేరే రాగం కిందికి పోతుంది. రాగమాలికలో (రాగాలు మారుతూ సాగే రచనలో) తప్ప కృతి ఆ పని చెయ్యదు. కృతికి కావలసిన దూరం, పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి ఇస్తుంది. రాగం అదే ఉంచి, పై స్థాయికి వెళ్ళి, మళ్ళీ పల్లవికి దిగుతుంది.

తోడు వాద్యాల సంగతి రెండు ముక్కల్లో తేల్చవచ్చు. కృతి పాడుతున్నంతసేపూ వయొలిన్ గొంతు వెంటే నడుస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ గొంతు ఆగిన చోట జవాబు చెబుతుంది. నాలుగు బార్ల పంక్తిలో దాదాపు సగం బెస్సీది, మిగతా సగం కార్నెట్‌ది. మన కచేరీలో అలాంటి సంభాషణ వినాలంటే కల్పనస్వరాల (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాల) దాకా ఆగాలి.

ఇక జాగ్రత్తలు. ముందుగా, మీరు పోలుస్తున్నది రచననా, ఒక ప్రదర్శననా? ఇది తేల్చుకోకపోతే వ్యాసం జారిపోతుంది. హ్యాండీ పాట అచ్చులో ఉంది, కానీ మీరు విన్నది 1925 జనవరి 14న బెస్సీ పాడిన తీరు. ఆమె మాటలను సాగదీస్తుంది, దెబ్బకు కొంచెం వెనకగా వస్తుంది, తక్కువ స్వరాల మధ్యే తిరుగుతుంది. అచ్చు కాగితంలో ఇవేవీ ఉండవు. త్యాగరాజకృతి సంగతి ఇంకోలా ఉంటుంది. 1767 నుంచి 1847 వరకూ జీవించిన ఆయన కృతులు మనకు శిష్యపరంపరల ద్వారా వచ్చాయి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం పరంపరలు ప్రసిద్ధమైనవి. పాఠాంతరాన్ని (ఆ పరంపర నేర్పిన పాడే తీరును) బట్టి సంగతుల లెక్కా, తీరూ మారతాయి. కాబట్టి "త్యాగరాజస్వామి ఇన్ని సంగతులు వేశారు" అని అంకె రాయకండి. "నేను విన్న రికార్డులో ఇన్ని ఉన్నాయి" అని రాయండి. బ్లూస్‌కు ఒక రికార్డు తీసుకున్నట్టే కృతికీ ఒకే రికార్డు తీసుకుని దానికే కట్టుబడండి.

మరొకటి నిడివి. అప్పటి పది అంగుళాల 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. బెస్సీ పాట ఆ కొలతలో ఇమిడింది. "చక్కని రాజమార్గములు" కచేరీలో ప్రధానాంశంగా వస్తే ఆలాపన, "కంటికి సుందర" దగ్గర నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం), స్వరకల్పన, తని (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ కలిసి ముప్పావు గంట కూడా నడవవచ్చు. ఆ మొత్తాన్ని మూడు నిమిషాల పాట పక్కన పెట్టి "కర్ణాటక సంగీతంలో విస్తారం ఎక్కువ" అని రాస్తే అది రచనల గురించిన మాట కాదు, సందర్భాల గురించిన మాట. పల్లవి మొదలైన చోటు నుంచి చరణం ముగిసే చోటు వరకే తీసుకోండి.

రికార్డింగ్ తేడా కూడా మర్చిపోవద్దు. బెస్సీ ఈ పాట పాడింది మైక్రోఫోన్ ముందు కాదు, కొమ్ములాంటి గొట్టంలోకి. విద్యుత్ రికార్డింగ్ అప్పుడప్పుడే రాబోతోంది. ఆ పాత పద్ధతిలో బాగా కింది, బాగా పై ధ్వనులు పోయేవి. ఆమె గొంతు సన్నగా, దూరంగా వినిపించిందని మీ పట్టికలో రాశారు. అది గొంతు లక్షణం కాదు, గొట్టం లక్షణం. వినేటప్పుడు రెండు రికార్డుల వాల్యూమ్ సమానంగా పెట్టుకోండి. గట్టిగా మోగేదే మెరుగైనదని చెవి మోసపోతుంది. నా తరగతుల్లో ఇది పదేపదే చూశాను.

కోరస్‌ను పల్లవి అనవచ్చా, మధ్యభాగాన్ని అనుపల్లవి అనవచ్చా అని చివర్లో అడిగారు. పోలికగా ఒకసారి అనండి, పేరుగా పెట్టకండి. పల్లవి పని తిరిగి రావడం. అనుపల్లవి తర్వాత, చరణం తర్వాత మనం చేరేది పల్లవికే, కృతి ముగిసేదీ అక్కడే. "సెయింట్ లూయిస్ బ్లూస్" మొదలైన పంక్తికి తిరిగి రాదు. భాగం నుంచి భాగానికి ముందుకే వెళ్ళి, కొత్త మాటలతో ఆగిపోతుంది. పేర్లు అరువిస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది.

రాయడానికి కూర్చునే ముందు ఒక పని చెయ్యండి. శ్రుతి పెట్టెలో గానీ ఫోన్‌లో గానీ రికార్డుకు సరిపోయే సా పెట్టుకుని, రెండు పాటల మొదటి వాక్యాన్నీ గొంతుతో పాడండి. బాగా రాకపోయినా పర్వాలేదు. గాంధారం దగ్గర గొంతు ఎటు లాగుతోందో మీకే తెలుస్తుంది. తర్వాత ఒక కాగితం మీద నిమిషం, సెకను వేసి మూడు చోట్లు గుర్తించండి: కృతిలో రెండో సంగతి మొదలయ్యే చోటు, బ్లూస్‌లో అయిదో బార్, మైనర్ మొదలయ్యే చోటు. ఈ మూడింటి దగ్గర మీకు వినిపించింది మీ మాటల్లో రాసుకుంటే వ్యాసం సగం అయినట్టే. రాశాక ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.